పేకపోగుకొక ఏడు

నేను మూడో తరగతి దాకా చదివాను. నాలుగులో పేరు రాయించిన నెలకే మా అమ్మకు జబ్బు చేసి, కండెలు చుట్టే రాట్నం నా చేతికి వచ్చింది. అక్షరాలను మాత్రం పోనివ్వలేదు. పెళ్లయి బొంబాయి దగ్గరి భివండి వచ్చాక, ఊరి నుంచి వచ్చే చుట్టాలు సకినాలు కట్టుకొచ్చిన తెలుగు పేపరును రెండు వైపులా చదివాకే అలమరలో పరిచేదాన్ని. కోటి అంటే ఒకటి పక్కన ఏడు సున్నాలని నాకు తెలుసు. ఆ సున్నాల లోపల ఏముంటుందో మాత్రం ఇంచుమించు యాభై ఎనిమిదేళ్ల వయసులో, మనవరాలి వల్ల తెలిసింది. ఇంచుమించు అని ఎందుకంటున్నానంటే, నేను పుట్టిన తేదీ ఎవరూ రాసిపెట్టలేదు. రజాకార్ల గొడవ నాటికి నాకు ఐదారేళ్లని మా అమ్మ చెప్పేది.

గైబీ నగర్‌లో మా కార్ఖానా. కింద ఎనిమిది సాంచలు, పైన మేము. సాంచ అంటే మరమగ్గమే, మావైపు వాళ్లమంతా అట్లాగే అంటాం. అవి నడుస్తున్నంతసేపూ ఇంటి నేల సన్నగా వణికేది, చెంబులో నీళ్లు వలయాలు తిరిగేవి. కొడుకు సాంచలు చూసుకునేవాడు. కోడలు వంట చూసుకునేది. మిగతావన్నీ నేను చూసుకునేదాన్ని. మిగతావన్నీ అంటే ఎవరు ఎక్కడికి పోవాలి, ఏ బల్బు ఎంతసేపు వెలగాలి, ఏ చీర ఇంకో ఏడాది నడవాలి. మనవరాలు ఒక్కతే. మరాఠీ బడిలో పదో తరగతికి వచ్చింది.

శ్రావణ పున్నమి మా పద్మశాలీలకు జంధ్యాల పండుగ. ఆ రోజు సాంచలు ఆపి, నూనె మరకలు తుడిచి, బొట్లు పెడతాం. మగవాళ్లు జంధ్యం మార్చుకున్నాక నేను కథ చెప్పాలి. మొదట లోకమంతా నీళ్లే. దేవతలకు కట్టుకోవడానికి బట్ట లేదు. మా కులానికి మూలమైన ఋషి తామర తూడు విరిచి, అందులోంచి దారం తీసి, మొదటి బట్ట నేశాడు. మాటలు వచ్చిన నాటి నుంచి మనవరాలు నా ఎదురుగా కూర్చుని, నేను సగం అంటే మిగతా సగం అందుకునేది. వినడానికి కండెల పనికి వచ్చే ఆడవాళ్లూ, నిజాంపురా నుంచి పూజకు వచ్చే అయ్యగారూ కూర్చునేవారు.

ఆ ఏడు నేను "మొదలు లోకమంత" అన్నాను. పిల్ల అందుకోలేదు. మళ్లీ అన్నాను.

"నిప్పు, బాపమ్మా," అంది మెల్లగా. "నీళ్లు గాదు. మొదలు అంత కరిగిన రాయే. నీళ్లు మల్ల వచ్చినయ్. మా బాయీ చెప్పింది."

బాయీ అంటే వాళ్ల బడిలో టీచరమ్మ. కండెల ఆమె ఒకతె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఎన్నేండ్లయిందట పిల్లా, నిప్పు అయి?"

"భూమి పుట్టి నాలుగు వందల అరవై కోట్ల ఏండ్లు."

"ఎవలు జూసిన్రు? మీ బాయీ గప్పుడు ఉండెనా ఏంది?"

అందరూ నవ్వారు. పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ వెనక్కి తగ్గలేదు. "రాయిని జూసి చెప్తరు. రాయిల హిసాబ్ ఉంటది," అంది.

అయ్యగారు మంచివాడు. గొడవ ముదరకుండా సర్దబోయాడు. "మన శాస్త్రంల గూడ ఉన్నది తల్లీ. బ్రహ్మదేవునికి ఒక పగలు అంటే మనకు నాలుగు వందల ముప్పై రెండు కోట్ల ఏండ్లు. మీ బాయీ లెక్క, మన లెక్క దాదాపు ఒక్కటే."

నా గుండె కుదుటపడింది. పిల్ల అంతటితో ఊరుకోలేదు.

"ఆ పగలు అయిపోయిందా, అయ్యగారూ?"

"యాడ అయింది? ఇంకా సగం గూడ గాలె."

"మరి గడిసింది రెండు వందల పదహారు కోట్లు గూడ గాలె గదా. ఒక్కటే ఎట్లయితది?"

అయ్యగారు నా కొడుకు వైపు తిరిగి, "వకీలును గన్నవ్ పో," అని నవ్వేశాడు.

నాకు నవ్వు రాలేదు. పిల్ల చెప్పిందే సరైనదని నాకు తెలిసిపోయింది. నా కోపం అసలు అందుకే. మా పనిలో 'దాదాపు' అనే మాట చెల్లదు. తానులో రెండు గజాలు తక్కువైతే అది దాదాపు తాను కాదు, తప్పు తాను. అయ్యగారి మాట పట్టుకుని నిలబడదామంటే అది నా చేతిలోనే తెగింది. ఇటు మా ఋషి, అటు ఆ కరిగిన రాయి, మధ్యలో నలుగురి ముందు నా మాట అందుకోని మనవరాలు.

"రేపటి నుంచి బడి బంద్," అన్నాను.

"అమ్మా, పదో తరగతి," అన్నాడు కొడుకు.

"తెల్సు. పదిల దేవున్ని తీసేసిన్రు. పదకొండుల నన్ను తీసేస్తరు."

మర్నాడు పొద్దున పిల్ల సంచీ భుజాన వేసుకునే నా ముందుకు వచ్చింది. "నువ్వు నమ్మకుంటే నా బడి ఎందుకు బంద్ జేస్తవ్?" అని అడిగింది. అడగడంలో న్యాయముంది. న్యాయానికి న్యాయంగానే జవాబివ్వాలని ఒక షరతు పెట్టాను.

"నాలుగు వందల అరవై కోట్లు అన్నవ్. నోటికొచ్చినట్టు ఎవలన్న అంటరు. అదెంతుంటదో నాకు చూపెట్టు. పుస్తకం గాదు, నోటి మాట గాదు. నా కండ్లకు ఆనాలె. ఎనిమిది రోజులు టైం. చూపెడితే బడికి పో. లేకుంటే కండెలు చుట్టుకుంట కూసో."

ఎవరూ చూపించలేరని నా ధైర్యం.

మొదటి రోజే గిద్దెడు బియ్యం ముందేసుకుని గింజలు లెక్కపెట్టింది. ఇన్ని గిద్దెలు అయితే ఇన్ని బస్తాలు, ఇన్ని బస్తాలు అయితే ఇన్ని లారీలు అంది. "నాకు బస్తాలే కనపడ్తున్నయ్, ఏండ్లు కనపడ్తలేవు," అన్నాను. "ఆ బియ్యం డబ్బాల పొయ్యి. ఒక్క గింజ కింద పడద్దు."

తర్వాత రెండు రోజులు కింద కార్ఖానాలో కండెలు చుట్టింది. కండె అంటే, అడ్డంగా పడే పేకపోగును మోస్తూ అటూ ఇటూ పరుగెత్తే నాడెలో కూర్చునే చిన్న దారపు కడ్డీ. పనిలో వంక పెట్టడానికి లేదు, నా దగ్గరే నేర్చుకుంది. నాలుగో రోజు చూస్తే చేతులు ఆగిపోయి ఉన్నాయి. తల ఒక పక్కకు వంచి సాంచ చప్పుడు వింటోంది. తిడదామని మెట్లు దిగేలోపే లేచి, వాళ్ల నాన్న జేబులోంచి పోగులు లెక్కపెట్టే చిన్న అద్దం తీసుకుని, నేసిన బట్ట మీద వంగింది. నేను వచ్చిన దారినే పైకి వెళ్లిపోయాను.

శుక్రవారం మా వీధికి కరెంటు ఉండదు. శనివారం పొద్దున సాంచలు మొదలుకాగానే నన్ను కిందికి పిలిచింది. చివరి సాంచ దగ్గర నిలబెట్టి, బట్ట అంచు మీద సుద్దతో చిన్న గీత గీసింది.

"ఉతికితే పోతదా గది?" అన్నాను.

"పోతది. ఇటు జూడు బాపమ్మా. నాడె ఒక్కసారి అటు పోతే ఒక పేకపోగు పడ్తది. గది ఒక ఏడు అనుకో. ఇటు వస్తే ఇంకో ఏడు."

"అనుకున్న."

"అంగుళంల యాభై పోగులు. నా మాట నమ్మకు. అద్దం వెట్టి లెక్కవెట్టు."

నమ్మలేదు. రెండుసార్లు లెక్కపెట్టాను. యాభై.

గంటసేపు నిలబడాలంది. నిలబడ్డాను. సాంచ ముందు అంతసేపు ఊరికే నిలబడటం నా జన్మలో అదే మొదటిసారి. ఎప్పుడూ తెగిన దారం కోసమో, అయిపోయిన కండె కోసమో, ముచ్చట్లు పెట్టే పనివాడి కోసమో చూసే కళ్లు ఆ రోజు ఒక్క పోగునే చూశాయి. ఒక దెబ్బ, ఒక ఏడు. ఇంకో దెబ్బ, ఇంకో ఏడు. కళ్లు ఆర్పి తెరిచేలోపు రెండు మూడు ఏళ్లు బట్టలో కలిసిపోతున్నాయి. గంట కాగానే సుద్ద గీత నుంచి గజం బద్దతో కొలిచింది. ఐదు గజాలు.

"తొమ్మిది వేల ఏండ్లు," అంది. "రాజులు, కోటలు, మన ఊరు, మన గుళ్లు, అంత ఈ ఐదు గజాలల్లనే. చానమట్టుకు కొసకు."

మోకాళ్లు నొప్పి పుడుతున్నాయి. "గిది వేలు. కోట్లు యాడ?" అన్నాను.

"ఒక్క కోటికి, ఈ సాంచ పగలు రాత్రి ఆగకుండ నడిస్తే నలభై ఆరు రోజులు."

నెలా పదహారు రోజులు. అది మనసుకు అందింది. ఒక కాన్పు అయి బాలింత లేచి తిరిగేంత కాలం.

"ఇగ నాలుగు వందల అరవై కోట్లకు ఎన్ని రోజులయితదో చెప్పు, బాపమ్మా."

"ఐదారేండ్లు పడ్తదేమో."

పిల్ల నవ్వలేదు. నోటుబుక్కు తెరిచి వేలు పెట్టింది. "యాభై ఎనిమిది ఏండ్లు. ఒక్క దారం తెగద్దు. ఒక్క పండుగ రావద్దు. ఒక్క శుక్రవారం కరెంటు పోవద్దు. నువ్వు పుట్టిన గడియల ఒక సాంచ షురూ జేస్తే, ఇయ్యాల, ఇప్పుడు, ఈ పోగు."

ఆ మాట పూర్తయ్యేలోపే ఆ పోగు పాతదైపోయి ఇంకోటి పడింది.

పక్కన పడుగు చుట్టే ఖాళీ బీము ఉంటే దాని మీద కూర్చున్నాను. పిల్ల ఇంకేదో చెబుతోంది, నాకు వినబడటం లేదు. నేను ఉయ్యాలలో ఉన్నప్పుడు ఒక సాంచ నడుస్తూ ఉంది. రజాకార్లు వస్తున్నారని మా అమ్మ నన్ను చంకనేసుకుని జొన్నచేలోకి పరుగెత్తినప్పుడూ నడుస్తూ ఉంది. బడి మానిన రోజు, పెళ్లి రోజు, రైలు దిగి భివండి బురదలో కాలు పెట్టిన రోజు, కొడుకు పుట్టిన రోజు, వాడి నాన్న పోయిన రోజు. నేను ఏడ్చిన ప్రతి గంటలో, వండిన ప్రతి పూటలో, నిద్రపోయిన ప్రతి రాత్రిలో అది వేలకు వేల ఏళ్లు నేస్తూనే ఉంది. నా బతుకు ఎంత పొడవో నాకు తెలుసు, దాని ప్రతి దినం నేను మోశాను. ఆ పొడవునా, క్షణం ఖాళీ లేకుండా, ఒక్కో దెబ్బకు ఒక్కో ఏడు. భూమి అంత పాతది.

కొంచెం తేరుకుని అడిగాను. "మనిషి ఎప్పుడొచ్చిండు?"

"నిన్న పొద్దుగాల."

"మన కార్ఖానా కింద నల్లరాయి?"

"పది నెలల కింద. గప్పుడు ఈ దేశంల నిప్పు ఏరు లెక్క పారిందట. ఈ కొండలన్ని గట్లనే అయినయ్."

"మరి బట్ట?"

"నేసుడా? గంటనో, రెండు గంటలో. బాయీని అడగాలె."

"నేను?"

అది చెప్పడానికి కొంచెం జంకింది. అద్దం బట్ట మీద పెట్టి చూపించింది. "అంగుళం మీద ఎనిమిది పోగులు, బాపమ్మా."

చూపించమన్నాను, చూపించింది. సోమవారం పొద్దున సంచీతో మెట్ల మీద నిలబడితే, కండెలు అయిపోయాయని కిందికి పంపేశాను.

"మాట ఇచ్చినవ్ గదా," అంది.

"ఇచ్చిన. ఎప్పుడు పొమ్మంటనో చెప్పలే."

ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. మాట తప్పడం మా ఇంట్లో లేదు. కానీ నాకు భయం పట్టుకుంది. లెక్క తప్పని కాదు, నిజమని. నలభై ఏళ్లుగా ఆ చప్పుడులోనే ఉండి దాన్ని వినడం మరిచిపోయినదాన్ని, ఇప్పుడు దీపం ముట్టించి కళ్లు మూసుకుంటే అదే వినబడుతోంది. దేవుణ్ణి నేను ఇంటి పెద్దమనిషిని చూసుకున్నట్టు చూసుకున్నాను. వేళకు నైవేద్యం, వేళకు హారతి, ఏదైనా కావాలంటే ఒక మొక్కు. ఆ పీట మీద కూర్చునేంత కొలతలోనే ఆయన్ని పెట్టుకున్నాను. ఇంత బట్టకు ఆయనే సాలెవాడైతే, అంగుళం మీద ఎనిమిది పోగులు ఆయన కంటికి ఆనుతాయా? నాకే ఇట్లా ఉంటే, పదిహేనేళ్ల పిల్ల రోజూ ఆ బడికి పోయి ఇవే వింటూ ఉంటే, దాని చేతులు మళ్లీ ఎప్పుడైనా జోడించుకుంటాయా? బడికి పంపితే దాన్ని దేవుడికి దూరం చేసిన చెయ్యి నాదే అవుతుంది. పంపకపోతే మాట తప్పిన నోరు నాదే. కొడుకు రెండుసార్లు అడిగాడు, కోడలు అడగకుండా పళ్లెం నా ముందు గట్టిగా పెట్టింది. పదకొండు రోజులు అట్లా గడిచాయి.

భాద్రపదంలో నా భర్త తద్దినం వచ్చింది. అయ్యగారు వచ్చి కూర్చుని సంకల్పం చెబుతున్నాడు. సంకల్పం అంటే పూజకు ముందు, ఏ కాలంలో, ఏ చోట, ఎవరు ఈ పని చేస్తున్నారో దేవుడికి విన్నవించుకోవడం. వేలసార్లు విన్న మాటలే. ఆ రోజుల్లో నా చెవులు వేరుగా ఉన్నాయి కాబట్టి ఒక్కో మాటా విడిగా వినబడింది. "కృష్ణా గోదావర్యోః మధ్యదేశే" అన్నాడు.

"అయ్యగారూ, జెర ఆగుండ్రి," అన్నాను. "కృష్ణకు గోదావరికి నడిమిట్ల మా ఊరు ఉంది. మనం యాడున్నం?"

"భివండిల ఉన్నం." నీళ్ల చెంబు అట్లాగే పట్టుకుని చూశాడు.

"మరి గట్లెందుకు చెప్తున్నరు?"

"మా నాయన గట్లనే చెప్పిండు. ఇక్కడికి వచ్చినంక గూడ నోటికి అదే వస్తది. దేవునికి తెల్వదా ఏంది, మనం యాడున్నమో?"

"అంటే నలభై ఏండ్ల నుంచి తప్పు అడ్రస్ చెప్తున్నమా?"

"చేరలేదా అమ్మా? మీ ఇంట్ల పిల్లల జరాలు తగ్గలేదా? సాంచలు నడుస్తలేవా?"

చేరింది. కాదనలేను. నా కొడుకుకు కామెర్లు వచ్చి పది రోజులు కళ్లు తెరవనప్పుడు నేను పెట్టుకున్న మొర, వందల మైళ్ల అవతలి చోటు చెప్పి పెట్టుకున్నదే. చోటు తప్పు, మొర తప్పు కాదు. చోటు తప్పు చెప్పినా నన్ను వెతికి పట్టుకున్నవాడు, కాలం తప్పు చెబితే మాత్రం దారి తప్పుతాడా? అంగుళం మీద ఎనిమిది పోగులే అయినా, ఆ పోగు ఏ సాంచ మీద ఉందో ఆయనకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు.

అయినా నా బుద్ధి నాది. "చేరింది నిజమే," అన్నాను. "తెలవకముందు చెప్తే పొరపాటు. తెలిసినంక గూడ గదే చెప్తే అబద్ధం. మార్చి చెప్పుండ్రి."

అయ్యగారు నెత్తి గోక్కున్నాడు. వెనక కండెలు సర్దుతున్న మనవరాలిని చూసి, "పోరీ, కొండలు మనకు ఎటు దిక్కు?" అన్నాడు.

"తూర్పుకు."

"సముద్రం?"

"పడమటికి. దూరం గాదు."

కళ్లు మూసుకుని పెదవులు కదిపి, సహ్య పర్వతానికి పడమట, సముద్రానికి తూర్పున అని అర్థం వచ్చేట్టు సంస్కృతంలో కూర్చాడు. రెండుసార్లు తడబడ్డాడు. మూడోసారి కుదిరింది. దీపం ఆరలేదు, దర్భ జారలేదు. నా భర్తకు పెట్టిన పిండం ఎప్పటిలాగే కాకి వచ్చి తీసుకుంది. పిల్ల నోరు తెరుచుకుని చూస్తూ ఉంది. ఆయన వెళ్లేముందు దాని తల మీద చెయ్యి పెట్టి, "ఇంక యాడన్న తప్పుంటే ఇప్పుడే చెప్పు తల్లీ, మళ్ల మీ బాపమ్మతోని ఏగుడు నాతోని గాదు," అన్నాడు.

మర్నాడు పొద్దున నేనే దాన్ని బడికి తీసుకుపోయాను. ఆటో అడగబోతే కాళ్లున్నాయని చెప్పాను. బజారు దాటాక అది అంది, "నేను కథ అబద్ధం అన్లే, బాపమ్మా. నీళ్లు గాదు అన్న, గంతే."

"మరి నిప్పుల తామర ఎట్ల మొలుస్తదే?"

"నీళ్లు వచ్చినంక మొలుస్తది. చాన టైం ఉంది గదా." కాసేపు నడిచి, "తామర ఎప్పుడొచ్చిందో బాయీని అడుగుత," అంది.

బాయీ సన్నగా, కళ్లద్దాలతో, నా కోడలి కన్నా చిన్నదిగా ఉంది. ఇన్ని రోజులు ఎందుకు రాలేదని అడిగింది. నేనే ఆపానని నాకొచ్చిన బజారు మరాఠీలో చెప్పాను. ఆమె కోప్పడితే పడదామనుకున్నాను, కోప్పడలేదు. అప్పుడు నా మనసులో ఉన్నది అడిగేశాను. ఆ నాలుగు వందల అరవై కోట్లకు ముందు ఏముండేది? ధూళి, వాయువు, చుట్టూ తిరుగుతూ ఉండేదని చెప్పింది. దానికి ముందు? ఇంకా పాత నక్షత్రాలు. వాటికి ముందు? ఆమె కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. "దానికి ముందు ఏముందో నాకు తెలియదు ఆజీ," అంది. "వెతుకుతున్నారు."

చదువుకున్న మనిషి నోట 'తెలియదు' అన్న మాట అంత నిమ్మళంగా రావడం నేను అప్పటిదాకా వినలేదు. ఆ అమ్మాయి మీద నాకు గౌరవం కలిగింది.

రానందుకు కారణం కాగితం మీద రాసి సంతకం పెట్టాలంది. మరాఠీ రాయడం నాకు రాదు. తెలుగులో రాశాను, అక్షరాలు వంకరపోకుండా నెమ్మదిగా. బాయీకి అర్థం కాక పిల్ల చేతికిచ్చింది. పిల్ల ఒకసారి తనలో చదువుకుని, నన్ను చూసి, మరాఠీలో పైకి చదివింది. భూమి ఎంత పాతదో నానమ్మకు చూపించే పనిలో ఉండి ఈ అమ్మాయి పంతొమ్మిది రోజులు బడికి రాలేదు, ఎనిమిది రోజులు లెక్క కోసం, పదకొండు రోజులు నానమ్మ కోసం.

బాయీ ఆ కాగితాన్ని మడిచి రిజిస్టరులో పెట్టుకుంది. గంట కొట్టారు. పిల్ల సంచీ సర్దుకుని లోపలికి నడిచింది, మూడో వరుసలో ఖాళీగా ఉన్న తన చోట కూర్చుంది.